పదును ఆరేలోపు ట్రాక్టర్ ఎవరి చేలోకి వస్తుంది?

ముంగారి వాన గట్టిగా పడిన మర్నాడు పత్తికొండ, దేవనకొండ, తుగ్గలి వైపు ఎర్రనేలల్లో ఊరంతా ఒకే పని మీద ఉంటుంది. విత్తనం పడాలి. ఎర్రనేల తడిని ఎక్కువ కాలం పట్టి ఉంచదు. ఎండ కాసి గాలి తోలితే మూడు నాలుగు రోజుల్లో పైపొర పొడిబారుతుంది. ఆ మూడు నాలుగు రోజుల తడినే రైతులు పదును అంటారు. పదునులో పడిన గింజ అంతా ఒక్కసారే మొలుస్తుంది. పదును తప్పాక పడిన గింజ సగం మొలుస్తుంది, సగం మట్టిలోనే మాడిపోతుంది. మళ్లీ వాన ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. కర్నూలులోనైనా కడపలోనైనా ఏడాది మొత్తం మీద కురిసేది సగటున 700 మిల్లీమీటర్ల చుట్టూనే. అదీ ఎప్పుడు పడుతుందో నమ్మకం లేదు.

ఈ నాలుగు రోజుల్లో ఊళ్లో ఉన్న కొద్దిపాటి ట్రాక్టర్లు ఏ వరసలో తిరుగుతాయి? ట్రాక్టర్ ఉన్నాయన తన చేను ముందు విత్తుకుంటాడు. దాన్ని తప్పనలేం. తర్వాత అన్నదమ్ములు, బంధువులు. తర్వాత ఒకేచోట పది, ఇరవై ఎకరాలు ఉన్నవాళ్లు, ఎందుకంటే అక్కడ మలుపులు తక్కువ, బాడుగ ఎక్కువ. ఆ తర్వాత వాడ. ఈ వరస ఏ కాగితం మీదా ఉండదు. మాల మాదిగల రెండెకరాల చేలో ట్రాక్టర్ దిగే సరికి మట్టి చేతిలో ముద్ద కట్టదు, పొడిగా రాలిపోతుంది. మొలకలు పలచబడిన చేనును చూసి దారిన పోయేవాళ్లు 'వీళ్లకు సేద్యం రాదు' అంటారు.

భూమి పోరాటాల గురించి మనం చాలా రాసుకున్నాం. పట్టా చేతికొచ్చాక ఆ భూమిలో గింజ ఎలా పడుతుందో రాసుకున్నది తక్కువ. అందుకే ఈసారి విత్తే యంత్రం గురించి రాస్తున్నాం. అది ఎలా పనిచేస్తుందో, చిన్న చేలల్లో ఎక్కడ ఇరుక్కుంటుందో, దానికి సర్కారు ఇచ్చే డబ్బు ఏ దారిన పోతుందో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు గొర్రు ఉండేది

రాయలసీమలో విత్తడానికి తరతరాలుగా ఉన్నది గొర్రు. ఒక అడ్డదుంగ, దానికి మూడో నాలుగో ఆరో పళ్లు. ఒక్కో పంటికి ఒక్కో వెదురు గొట్టం. గొట్టాలన్నీ పైకి వచ్చి జడ్డిగం అనే చెక్క గిన్నెలో కలుస్తాయి. గిన్నె అడుగున ఎన్ని పళ్లుంటే అన్ని రంధ్రాలు. ముందు కాడి ఎద్దులు, వెనక గిన్నెలో గింజలు పోస్తూ నడిచే మనిషి. ఆ మనిషి చాలా ఊళ్లలో ఆడమనిషి.

చూడ్డానికి ఇంతే. కానీ అందులో ఉన్న పనితనం ఏమిటో ఇవాళ యంత్రం చేయాల్సిన పనులను లెక్కేస్తే తెలుస్తుంది. సాళ్ల మధ్య దూరం సమానంగా ఉండాలి, అది దుంగకు పళ్లను బిగించిన తీరు చూసుకుంటుంది. గింజ తడి ఉన్న లోతులో పడాలి, అది పట్టుకుని తోలే మనిషి చేతి బరువు చూసుకుంటుంది. గింజకూ గింజకూ మధ్య దూరం కుదరాలి. దాన్ని చూసుకునేది గిన్నెలో పోసే పిడికిలి. ఎద్దుల అడుగు వేగాన్ని బట్టి, గింజ సైజును బట్టి వేళ్ల మధ్య సందును పెంచుతూ తగ్గిస్తూ నాలుగు రంధ్రాల్లోకీ సమానంగా జారేలా చేయాలి. కొర్ర గింజ ఇసుకలా జారిపోతుంది, ఎకరాకు రెండు కిలోలే సరిపోతుంది. వేరుశనగ పప్పు లావు, గొట్టంలో ఇరుక్కుంటుంది. రెండింటినీ ఒకే చేత్తో పోయగలిగిన మనిషికి కూలి పుస్తకంలో రాసుకున్న పేరు 'ఆడ కూలి'. నైపుణ్యం అనే మాట ఆమె దగ్గరకు ఎన్నడూ రాలేదు.

కెప్టెన్ థామస్ హాల్కాట్ అనే తెల్ల అధికారి 1795 ప్రాంతంలో దక్షిణాది గొర్రు మీద ఇంగ్లాండుకు రాసి పంపాడు. విత్తే గొర్రు ఐరోపా వాళ్లు కొత్తగా కనిపెట్టినదని అప్పటిదాకా అనుకున్నాననీ, ఇక్కడి చేలల్లో పనిచేస్తున్న గొర్రును చూశాక ఆ అభిప్రాయం మారిందనీ దాని సారాంశం. ఇంగ్లాండులో జెత్రో టల్ తన విత్తే యంత్రాన్ని తయారు చేసింది 1701 ప్రాంతంలో. చైనాలో రెండు వేల ఏళ్లకు పూర్వమే గొట్టాల గొర్రు ఉంది. హాల్కాట్ రాసిన దాన్ని ధరంపాల్ 1971లో తన పుస్తకంలో మళ్లీ అచ్చువేశారు. అప్పటి నుంచి 'ప్రాచీన భారత విజ్ఞానం' అని చెప్పుకునేవాళ్లందరికీ అది ఇష్టమైన ఉదాహరణ అయింది. మాకూ ఇష్టమే. అయితే ఆ విజ్ఞానం ఎవరిదో కూడా చెప్పాలి కదా. దుంగ చెక్కింది వడ్రంగి, పంటికి ఇనుప కర్రు కొట్టింది కమ్మరి, ఎద్దులకు తోలు వార్లు, కపిలకు బాన కుట్టింది మాదిగ, తోలింది జీతానికున్న సేద్యగాడు, పోసింది వాడ నుంచి వచ్చిన ఆడమనిషి. కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం రాసిన 'టర్నింగ్ ది పాట్, టిల్లింగ్ ది ల్యాండ్' అనే పుస్తకం మొత్తం ఈ సంగతి మీదే నడుస్తుంది. గొర్రును పొగిడే వ్యాసాల్లో మాత్రం ఈ ఐదుగురూ కనపడరు.

గొర్రును మేం బంగారు కాలపు గుర్తుగా చూడటం లేదు. ఎద్దుల కాడి, గొర్రు, గుంటక ఉన్నవాడే ఆ రోజుల్లోనూ ముందు విత్తుకున్నాడు. వాడలో కాడి ఎద్దులున్న ఇళ్లు తక్కువ. ఎద్దుల కోసం ఆసామి చేలో నాలుగు రోజులు పనిచేసి, ఐదో రోజు ఆ ఎద్దుల్ని అడుక్కుని తెచ్చుకోవడం ముసలివాళ్లను కదిలిస్తే ఇప్పటికీ చెబుతారు. వరస పాతదే. అందులోకి ట్రాక్టర్ కొత్తగా వచ్చి చేరింది.

పెట్టె లోపల ఏముంటుంది

ట్రాక్టర్ గొర్రుల్లో రెండు రకాలున్నాయి. మొదటిది పాత గొర్రునే ఇనుముతో చేసి ట్రాక్టర్‌కు తగిలించినది. వెనక బల్ల మీద ఆడవాళ్లు వరసగా కూర్చుని గొట్టాల్లోకి చేత్తో గింజలు వేస్తుంటారు. దుమ్ము, పొగ, కుదుపు అన్నీ వాళ్లకే. ట్రాక్టర్ వేగానికి చెయ్యి ఆడకపోతే సాలులో సందులు పడతాయి, ఆ మాట కూడా వాళ్లే పడతారు.

రెండోది విత్తనాన్ని తానే కొలిచి వదిలే సీడ్‌డ్రిల్, లేదా ప్లాంటర్. పైన విత్తనాల పెట్టె. దాని అడుగున తిరిగే పళ్లెం గానీ, గాళ్లు పడిన రోలర్ గానీ ఉంటుంది. నేల మీద దొర్లే ఒక చక్రం గొలుసు ద్వారా దాన్ని తిప్పుతుంది. చక్రం ఎంత దూరం దొర్లితే అన్ని గింజలు పడతాయి కాబట్టి ట్రాక్టర్ వేగంగా పోయినా నెమ్మదిగా పోయినా దూరం మారకూడదు. రోలర్ రకం గింజల్ని ధారగా వదులుతుంది, దాన్నే డ్రిల్ అంటున్నాం. గుంటల పళ్లెం రకం ఒక్కో గింజను ఏరి వదులుతుంది, అది ప్లాంటర్. వేరుశనగ పప్పు నలిగితే మొలవదు. కాబట్టి దానికి పళ్లెం రకమే మేలు. అనంతపురం పరిశోధనా కేంద్రం వేరుశనగ కోసం చేసిన 'అనంత' ప్లాంటర్, హైదరాబాద్‌లోని మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ క్రిడా చేసిన తొమ్మిది వరుసల ప్లాంటర్ ఇలాంటివే. ఎరువు పెట్టె కూడా ఉంటే గింజ పక్కనే ఎరువు పడుతుంది.

యంత్రం వల్ల లాభం నిజమే. వేరుశనగలో సాళ్ల మధ్య 30 సెంటీమీటర్లు, గింజల మధ్య 10 సెంటీమీటర్లు అనుకుంటే ఎకరాకు సుమారు 1,35,000 గింజలు కావాలి. వంద గింజలు 40 గ్రాములు తూగే రకమైతే అది 54 కిలోలు. మొలవనివాటిని కలుపుకుని 60 కిలోలు వేసుకుంటే చాలు. చేత్తో వేసినప్పుడు ఇంతకంటే ఎక్కువే ఖర్చవుతుంది. మెట్ట సేద్యంలో వేరుశనగకు అతి పెద్ద ఖర్చు విత్తనమే. పది కిలోలు మిగిలినా బీద ఇంటికి అది చిన్న సంగతి కాదు.

కానీ ఈ లాభం పెట్టెను సరిగ్గా కట్టినప్పుడే వస్తుంది. బాడుగ ట్రాక్టర్ పొద్దున పెద్ద గింజ రకానికి కట్టిన పళ్లెంతోనే సాయంత్రం మన చేలోకి వస్తుంది. డ్రైవర్‌కు తీరిక ఉండదు. అందుకే కట్టి చూసుకునే పద్ధతి మనకు తెలిసి ఉండాలి. తొమ్మిది వరుసలు, వరుసకు 30 సెంటీమీటర్లు అంటే యంత్రం వెడల్పు 2.7 మీటర్లు. తిప్పే చక్రం చుట్టుకొలత మీటరున్నర ఉందనుకుంటే, చక్రం ఒక చుట్టు తిరిగితే నాలుగు చదరపు మీటర్లు విత్తినట్టు. ఎకరం 4,047 చదరపు మీటర్లు. అంటే వెయ్యి చుట్లకు ఒక ఎకరం. యంత్రాన్ని పైకి లేపి, గొట్టాల కింద గోనెపట్ట పరిచి, చక్రాన్ని చేత్తో యాభై చుట్లు తిప్పాలి. ఎకరాకు 60 కిలోలు పడాలంటే ఆ పట్ట మీద మూడు కిలోలు రాలాలి. నాలుగు రాలితే ఎకరాకు ఇరవై కిలోలు ఎక్కువ పోతున్నట్టు. పదిహేను నిమిషాల పని ఇది. చదువుకుంటున్న మన పిల్లలు సెలవులకు ఊరికి పోయినప్పుడు ఈ ఒక్క లెక్క చేసిపెట్టినా ఇంటికి మేలు.

రెండెకరాల లెక్క

2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లు. ఎస్సీల సగటు కమతం 0.78 హెక్టార్లు, అంటే రెండెకరాలకు లోపే. 2011 జనగణనలో పాత కర్నూలు జిల్లా జనాభాలో ఎస్సీలు దాదాపు 18 శాతం, కడపలో 16 శాతం. వీళ్లలో భూమి ఉన్నవాళ్లకు ఉన్నది ఎక్కువగా డీకేటీ పట్టా భూమి. గుట్ట అంచున, వంక గడ్డన, రాళ్ల మధ్య.

అలాంటి చేలో యంత్రం ఎలా తిరుగుతుందో చూడండి. చదరంగా ఉన్న ఎకరం చేను ఒక్కో వైపు 64 మీటర్లు ఉంటుంది. 2.7 మీటర్ల వెడల్పున్న ప్లాంటర్ దాన్ని విత్తాలంటే 24 సార్లు పోయి రావాలి, 23 సార్లు మలగాలి. గంటకు నాలుగు కిలోమీటర్ల వేగంతో ఒక సాలు పొడవు పోవడానికి ఒక నిమిషం పడుతుంది. మలిగి, యంత్రాన్ని లేపి, మళ్లీ దించి, సాలు సరిచూసుకోవడానికి అర నిమిషం. అంటే పనిలో మూడో వంతు మలుపులకే పోతుంది. అదే పదెకరాల పొడవు చేలో ఈ మలుపుల సమయం నామమాత్రం. పైగా చిన్న చేలో రెండు చివర్లా ట్రాక్టర్ మలిగే జాగా గట్టిగా తొక్కిపోతుంది. అక్కడ మళ్లీ అడ్డంగా విత్తాలి, లేదా వదిలేయాలి. రాయి తగిలితే కర్రు విరుగుతుంది. బాడుగ ఎకరాకు అయితే నష్టం ట్రాక్టరాయనకు, అందుకే రానంటాడు. బాడుగ గంటకు అయితే నష్టం మనకు.

ఎద్దుల గొర్రు లెక్క వేరు. నాలుగు పళ్లకు 1.2 మీటర్ల వెడల్పు, గంటకు రెండు కిలోమీటర్ల నడక, రోజుకు ఆరు గంటలు. మూడు, మూడున్నర ఎకరాలు అవుతుంది. చేను చిన్నదైనా, వంకరగా ఉన్నా, రాయి అడ్డమొచ్చినా ఎద్దు పక్కకు తప్పుకుంటుంది. చిన్న చేనుకు సరిపోయే పరికరం అది. కానీ ఏడాదంతా ఒక కాడి ఎద్దుల్ని మేపడానికి రెండెకరాల గడ్డి చాలదు. జొన్న, కొర్ర పోయి పత్తి, శనగ వచ్చాక చొప్ప కూడా పోయింది.

ఈ చిక్కును అంబేద్కర్ 1918లోనే పట్టుకున్నారు. చిన్న కమతాల మీద రాసిన వ్యాసంలో ఆయన అన్నది ఇది: కమతం చిన్నదా పెద్దదా అని విడిగా చూడటం అర్థం లేని పని. దాని మీద పెట్టే పెట్టుబడి, పనిముట్లు, శ్రమ ఏ పాళ్లలో ఉన్నాయో చూడాలి. పనిముట్లు లేని రైతుకు ఉన్న కొద్ది భూమి కూడా ఎక్కువే అవుతుందని తేల్చారు. 1947లో 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో ఆయన ఇంకా ముందుకు పోయారు. భూమి ప్రభుత్వానిది కావాలి, ఊరివాళ్లు కులం తేడా లేకుండా ఉమ్మడిగా సాగు చేయాలి, నీళ్లు, పశువులు, పనిముట్లు, ఎరువు, విత్తనం సమకూర్చే బాధ్యత రాజ్యానిది అని రాశారు. పనిముట్లు, విత్తనం అనే రెండు మాటలూ అందులో విడివిడిగా ఉన్నాయి. భూమి పంపకం గురించి అంబేద్కర్‌ను గుర్తుచేసే మన సభల్లో ఆ రెండు మాటలు ఎందుకో వినపడవు.

దారి లేని చేను

ఇంకో సంగతి ఉంది. యంత్రాల మీద వచ్చే ప్రభుత్వ కరపత్రాల్లో ఇది కనపడదు.

మాల మాదిగల పట్టా భూములకు చాలాచోట్ల బండి దారి లేదు. అడవి అంచునో, చెరువు వెనకో ఉన్న ఆ భూమికి పోవాలంటే నాలుగైదు మంది చేలు దాటాలి. ఎద్దులు గెనిమ వెంబడి నడిచిపోతాయి, గొర్రును భుజాన వేసుకుని పోవచ్చు. ట్రాక్టర్‌కు, దాని వెనక తొమ్మిది పళ్ల యంత్రానికి గెనిమ చాలదు. ముందున్న చేను ఆయన విత్తుకోకముందే మనం దాటిపోవాలి. ఆయన విత్తేశాడంటే ఇక దారి మూసుకుపోయినట్టే. మన పదును ఉందా పోయిందా అన్నది ఆయన చేను మీద ఆధారపడుతుంది. ఊళ్లో ఏదైనా తగాదా నడుస్తుంటే, ఎన్నికల్లో వేరే వైపు నిలబడి ఉంటే, దారి ఇవ్వకపోవడం ఖర్చు లేని శిక్ష. దాని మీద కేసు పెట్టడానికి దెబ్బ కనపడదు, తిట్టు వినపడదు.

వేరే దారి ఏదీ లేని భూమికి పక్క భూమి మీదుగా నడిచే హక్కును 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం 13వ సెక్షన్ అవసరాన్ని బట్టి ఇస్తుంది. ఒకే యజమాని భూమి ముక్కలైనప్పుడు మాత్రమే అది వర్తిస్తుంది కాబట్టి అందరికీ అక్కరకు రాదు. గ్రామ పటంలో పాత రస్తా ఉంటే మాత్రం అది పోరాడదగిన కేసు. సర్వేయర్‌తో కొలిపించి ఆక్రమణ తేల్చమని తహశీల్దార్‌కు అర్జీ పెట్టొచ్చు. భూపంపిణీ జరిగేటప్పుడే పట్టాతో పాటు దారి కూడా చూపించి ఇవ్వాలని అడగడం ఇంకా మేలు. యంత్రాల కాలంలో దారి లేని పట్టా సగం పట్టాయే.

పోయిన కూలి

యంత్రం వస్తే రైతుకు మేలు అన్న మాట దగ్గర మనం ఆగలేం. వాడలో చాలామంది రైతులూ, కూలీలూ రెండూ. సొంత రెండెకరాల్లో యంత్రం రావాలని చూసే ఇంటి ఆడమనిషే, ఆసామి ఇరవై ఎకరాల్లో యంత్రం దిగితే పని పోగొట్టుకునేది.

విత్తడం ఒక్కటే కాదు. విత్తిన తీరు మిగతా పనులన్నింటినీ మారుస్తుంది. గొర్రుతో వేసిన చేలో ఏడెనిమిది సాళ్లకు ఒక కంది సాలు, గెనిమల వెంట అలసంద, అనప పడేవి. ఒక గొట్టం మూసి, వెనక ఇంకో గొట్టం కట్టి ఆ సాలును విడిగా పోసేవాళ్లు. కొర్రలో ఐదు సాళ్లకు ఒక కంది సాలు వేయమని విశ్వవిద్యాలయం సిఫారసు ఇప్పటికీ ఉంది. ఆ సాళ్ల నుంచే ఇంటికి పప్పు వచ్చేది. కూలికి పోయినవాళ్లు పరిగె ఏరుకునేవాళ్లు. యంత్రానికి పెట్టెలో అర మార్చి, పళ్లెం మార్చి అంతర పంట వేయించవచ్చు. కానీ బాడుగ ట్రాక్టర్‌కు అంత ఓపిక ఎక్కడిది? చేనంతా ఒకే పంట. తర్వాత కలుపు. విత్తిన ఒకటి రెండు రోజుల్లో పెండిమిథాలిన్, మూడు వారాలకు ఇమాజితాపిర్ కొడితే ఆడవాళ్లకు కలుపు పని ఉండదు.

నల్లరేగడిలో ఇది పూర్తిగా కళ్ల ముందే జరిగింది. నంద్యాల, ఆళ్లగడ్డ, జమ్మలమడుగు, పెద్దముడియం వైపు జేజీ-11 వచ్చాక పప్పుశనగ విస్తీర్ణం బాగా పెరిగింది. అక్టోబరు, నవంబరులో నేలలో మిగిలిన తడి మీద వేసే పంట అది. గింజ లోతుగా పడాలి, ట్రాక్టర్ డ్రిల్ దానికి అచ్చొచ్చింది. అయితే శనగ మొక్క పొట్టి, నేలకు దగ్గరగా కొమ్మలేస్తుంది. కంబైన్ కత్తికి అందదు. అందుకే కోత మాత్రం చాన్నాళ్లు కూలీల చేతిలోనే ఉంది. 1906 నుంచి ఉన్న నంద్యాల పరిశోధనా స్థానం శాస్త్రవేత్తలు నిటారుగా, ఎత్తుగా పెరిగే ఎన్‌బీఈజీ-47ను తయారుచేశారు. ధీర అని పేరు పెట్టారు. యంత్రంతో కోయడానికి వీలుగా తయారైన రకం. మామూలుగా పంటకు తగ్గట్టు యంత్రాన్ని చేస్తారు. ఇక్కడ యంత్రానికి తగ్గట్టు మొక్కనే మార్చారు. పరిశోధనగా అది గొప్ప పనే, కాదనం. శనగ చెట్టు పీకడానికి పోయే ఆడవాళ్లు ఆ తర్వాత ఏ పనికి పోవాలన్నది ఏ పరిశోధనా స్థానానికీ ప్రశ్న కాలేదు.

'కూలీలు దొరకడం లేదు, ఉపాధి హామీ వచ్చి చెడగొట్టింది, అందుకే యంత్రాలు' అన్న మాట సీమలో ప్రతి రచ్చబండ మీదా వినిపిస్తుంది. ఉపాధి హామీ దేశంలో మొదలైంది పక్క జిల్లా అనంతపురంలోని బండ్లపల్లిలోనే, 2006 ఫిబ్రవరి 2న. దానివల్ల కూలి రేటు అడగగలిగిన ధైర్యం వచ్చింది, నిజం. కానీ కోసిగి, ఆదోని, పెద్దకడబూరు నుంచి ఏటా కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు మిరప చేలకు సుగ్గికి పోతున్నాయి. బడి పిల్లల్ని కూడా వెంటేసుకుని పోతున్నాయి. కూలీలు దొరకని ప్రాంతం నుంచి ఇంతమంది కూలీలు ఎలా వలస పోతారో ఆ మాట అనేవాళ్లే చెప్పాలి.

సబ్సిడీ ఎవరి ఇంటికి

కేంద్రం 2014-15లో వ్యవసాయ యాంత్రీకరణ ఉప మిషన్ మొదలుపెట్టింది. దాని కింద ఎస్సీ, ఎస్టీ, చిన్న, సన్నకారు, మహిళా రైతులకు యంత్రం ధరలో చాలా పరికరాలకు 50 శాతం దాకా, మిగతావాళ్లకు 40 శాతం దాకా రాయితీ. వినడానికి మనకు పది శాతం ఎక్కువ. అయితే సీడ్‌డ్రిల్‌కు ట్రాక్టర్ కావాలి. ట్రాక్టర్ లేని ఇంటికి సగం ధరకు డ్రిల్ ఇవ్వడం, బండి లేని ఇంటికి సగం ధరకు చక్రాలు ఇవ్వడం లాంటిదే. అందుకే కొన్ని ఊళ్లలో ఎస్సీ రైతు పాసుపుస్తకం మీద యంత్రం వస్తుంది, అది నిలబడేది వేరే వాకిట్లో.

ఉమ్మడిగా కొని బాడుగకు తిప్పే కేంద్రాలు దీనికి మందు అన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 జూన్ 7న గుంటూరులో వైఎస్సార్ యంత్ర సేవ పథకం కింద 3,800 ట్రాక్టర్లు, 320 కంబైన్ హార్వెస్టర్లు ఇచ్చారు. రైతు భరోసా కేంద్రం పరిధిలో రైతులు గ్రూపుగా ఏర్పడాలి. ధరలో 40 శాతం రాయితీ, 50 శాతం బ్యాంకు అప్పు, 10 శాతం గ్రూపు వాటా. ఇప్పుడు ఆ కేంద్రాలను రైతు సేవా కేంద్రాలు అంటున్నారు. ట్రాక్టర్ ధరలో పది శాతమైనా ముందు చేతి నుంచి పెట్టాలి. అప్పుకు బ్యాంకు నమ్మాలి. ఈ రెండూ ఎవరికి సులువో వేరే చెప్పనక్కర్లేదు. గ్రూపు పేరు 'రైతు మిత్ర' అయినా, 'అన్నదాత' అయినా, ట్రాక్టర్ తాళంచెవి ఎవరి జేబులో ఉందో ఊళ్లో అందరికీ తెలుసు.

కౌలు చేసేవాళ్ల సంగతి ఇంకా అన్యాయం. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం పదకొండు నెలలకు కార్డు ఇస్తుంది, కానీ దానికి భూ యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. సంతకం లేదు, కార్డు లేదు. ఇక సబ్సిడీ విత్తనం దగ్గర నుంచి యంత్రం దాకా అన్నీ పట్టాదారు పేరు మీదే. ఆడవాళ్లయితే సొంత భూమి ఉన్నా పాసుపుస్తకం మొగుడి పేరు మీద.

వరసను తప్పించుకునే దారులు

యంత్రం కోసం ఎదురుచూడకుండా విత్తే పద్ధతి ఒకటి మన దగ్గరే నడుస్తోంది. రాష్ట్ర ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో 2018 నుంచి వానకు ముందే పొడి దుక్కిలో నవధాన్యాలు వేయిస్తున్నారు. గింజలకు బంకమన్ను, పేడ, బూడిద పట్టించి గుళికలుగా చేసి ఏప్రిల్, మే నెలల్లోనే చల్లుతారు. గుళిక వల్ల గింజను చీమలు, పిట్టలు ఎత్తుకుపోవు. చిరుజల్లుకే తొందరపడి మొలవదు. వాన పడ్డాక ట్రాక్టర్ వరసలో నిలబడే పని ఉండదు. అయితే ఇది వేరుశనగ ప్రధాన పంటకు బదులు కాదు. గుళికలు చేసే శ్రమ మళ్లీ ఆడవాళ్ల మీదే పడుతుంది. అయినా పదును మీద ఆసామి పెత్తనం లేని విత్తనం అది, ఆ ఒక్క కారణానికే దాన్ని గట్టిగా పట్టించుకోవాలని మా అభిప్రాయం. జహీరాబాద్ దగ్గర డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలోని దళిత మహిళా సంఘాలు 1980ల నుంచి బీడు భూముల్లో ఇరవై ముప్పై రకాల విత్తనాలు కలిపి వేస్తూ, గింజను ఇంట్లోనే దాచుకుంటూ వచ్చాయి. విత్తనం చేతిలో ఉంటే ఎప్పుడు విత్తాలో నిర్ణయం కూడా చేతిలో ఉంటుంది.

చిన్న యంత్రాలూ ఉన్నాయి. చేత్తో తోసే ఒంటి సాలు సీడర్, నిలబడి పొడిచి గింజ వదిలే రెండు కాళ్ల ప్లాంటర్. పొడిచే ప్లాంటర్‌ను బ్రెజిల్‌లో చిన్న రైతులు తరాలుగా మొక్కజొన్నకు వాడుతున్నారు. మన దగ్గర పత్తికి, కందికి సరిపోతుంది. నడుము వంచే బాధ లేకుండా చేస్తుంది. ఎకరం వేరుశనగకు మాత్రం లక్ష పోట్లు పొడవాలి, అది మనిషి పని కాదు. బంగ్లాదేశ్‌లో మన కంటే చిన్న కమతాలు. అక్కడ పెద్ద ట్రాక్టర్ల కంటే చేత్తో పట్టుకుని నడిపే రెండు చక్రాల టిల్లర్లు ఊరూరా పాకాయి. వాటికి సీడ్‌డ్రిల్ తగిలించి బాడుగకు తిప్పేవాళ్లున్నారు. గెనిమ వెంట పోగలిగిన యంత్రం అది. ఎస్సీ కాలనీకి ఒక పెద్ద ట్రాక్టర్ కంటే నాలుగు టిల్లర్లు, నాలుగు చిన్న డ్రిల్లులు ఎక్కువ పనికొస్తాయేమో లెక్కేసి చూడాల్సింది సబ్‌ప్లాన్ డబ్బు ఖర్చుపెట్టే అధికారులు. 2013లో వచ్చిన సబ్‌ప్లాన్ చట్టాన్ని మన రాష్ట్రంలో 2023 జనవరిలో ఇంకో పదేళ్లు పొడిగించారు. అందరికీ ఇచ్చే పథకంలో ఎస్సీల తలల లెక్క చూపి సబ్‌ప్లాన్ ఖర్చుగా రాయడం మనకు కొత్త కాదు. యంత్రాల పద్దులోనూ అదే వెతకాలి.

విద్యార్థి సంఘాలు, ఊళ్లలో పనిచేసే కార్యకర్తలు చేయగలిగిన పని ఒకటుంది. సమాచార హక్కు కింద మండల వ్యవసాయ అధికారికి నాలుగు ప్రశ్నలు పెట్టండి. మండలంలో యంత్రాల గ్రూపులు ఎన్ని, వాటిలో సభ్యుల పేర్లు, కులాల వారీగా లెక్క ఏమిటి? గత మూడేళ్లలో ఎస్సీ రైతులకు 50 శాతం రాయితీ మీద ఇచ్చిన యంత్రాలు ఏవి, అవి ఇప్పుడు ఎక్కడున్నాయి? గ్రూపు ట్రాక్టర్ బాడుగ ఎకరాకు, గంటకు ఎంతని నిర్ణయించారు, రైతు సేవా కేంద్రం గోడ మీద రాశారా? ఖరీఫ్ విత్తే రోజుల్లో ఆ ట్రాక్టర్ ఏ తేదీన ఎవరి సర్వే నంబరులో తిరిగింది, ఆ రిజిస్టర్ నకలు ఇవ్వండి. నాలుగో ప్రశ్నకు రిజిస్టరే లేదని జవాబొస్తే, ఈసారి నుంచి పెట్టించమని గ్రామసభలో అడగడానికి ఆ కాగితమే చాలు. మండల స్థాయిలో దరఖాస్తు రుసుము ఐదు రూపాయలు, తెల్లకార్డు ఉంటే అదీ లేదు. జవాబివ్వడానికి గడువు 30 రోజులు, కాబట్టి ఏప్రిల్ ఆఖరుకు పెడితే జూన్ వానలకు ముందే చేతికి రావాలి.